తలలోని బరువు, మెడలోని మూలం

తలనొప్పి వేరు, తలబరువు వేరు. ఈ భేదం వైద్యులు చెప్పకమునుపే మన ఇండ్లలో తెలిసినదే. "నొప్పి అని చెప్పలేను, తలకు తడిగుడ్డ బిగించి కట్టినట్లున్నది" అంటారు కొందరు. మాడుమీద ఎవరో అరచేయి పెట్టి అదుముతున్నట్లున్నదని కొందరు, కంటి వెనుకనుండి ఏదో నెట్టుతున్నట్లున్నదని మరికొందరు చెబుతారు. ఇది ఒక పూట వచ్చి పోయే బాధ కాదు. తెల్లవారి లేచేసరికే ఉంటుంది. పనిలో పడితే కొంత మరుగవుతుంది, సాయంకాలానికి మళ్లీ తలకెక్కి కూర్చుంటుంది. ఇట్లా నెలలు గడుస్తాయి. మనిషి మంచాన పడడు. కాని ఏ పనిలోను మనసు నిలువదు, పిల్లలమీద ఊరకే విసుగు, పుస్తకం పట్టుకొంటే రెండు పుటలకే అలసట.

ఇటువంటి మనిషి నడిచే దారి కూడ మనకు పరిచితమైనదే. మొదట నుదుటికి శొంఠిపట్టు, ఆ తరువాత అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ మందును ప్రారంభించి, అనంతరం 1908లో ఆంధ్రపత్రికను స్థాపించినారు గనుక, తెలుగువారి తలనొప్పి తెలుగు పత్రికలకు కొంత ఉపకారం చేసినదనే చెప్పవలెను. మందు రాసినంతసేపు చల్లగా ఉంటుంది, తరువాత బరువు యథాస్థానానికి వస్తుంది. అప్పుడు కళ్లజోడు మారుతుంది. బి.పి. చూపిస్తారు. ముక్కు ప్రక్కల గదులలో చీము చేరినదేమోనని ఫోటో తీయిస్తారు. ఒకరు పైత్యమంటారు, ఒకరు గ్యాసు అంటారు. ఇవన్నీ అయిన తరువాత, పైకి చెప్పని ఒక భయం మిగులుతుంది: లోపల ఏదైనా పెరుగుతున్నదేమో! రాత్రివేళ అందరూ నిద్రించిన తరువాత ఆ భయమే బరువుకంటె ఎక్కువ బరువవుతుంది.

ఇట్లా తిరిగి తిరిగి అలసిన వారిలో కొందరికి బాధ తలలో ఉన్నా, దాని మూలం తలలో ఉండదు, మెడలో ఉంటుంది. ఎందరికి అనే ప్రశ్నకు తరువాత వస్తాను. ఎందుకంటె మెడను గుర్తించకపోవడం ఒక పొరపాటయితే, ప్రతి తలబరువును మెడకు అంటగట్టడం అంతకు తగ్గని పొరపాటు. ముందు ఈ రెండింటికి ఉన్న సంబంధమేమిటో చూద్దాం.

పెద్దమనిషి తల బరువు సుమారు నాలుగున్నర, ఐదు కిలోలు. ఒక మోస్తరు గుమ్మడికాయ అంత. దానిని ఏడు చిన్న పూసలు మోస్తున్నవి. జిరాఫీ మెడలోను పూసలు ఏడే, అవి పొడవుగా ఉంటాయి, అంతే. మన ఏడింటిలో పై రెండింటి తీరు మిగిలిన ఐదింటి తీరు వంటిది కాదు. మొట్టమొదటిది ఒక ఉంగరం. భూగోళాన్ని భుజాన మోస్తున్నట్లు చిత్రించబడే గ్రీకు పురాణపురుషుని పేరున దానిని అట్లాస్ అంటారు. పుర్రె దానిమీద కూర్చుంటుంది. "ఔను" అని తల ఊపే కదలిక అక్కడ మొదలవుతుంది. రెండవ పూసకు పైకి నిలిచిన ఒక మొన ఉన్నది, దాని చుట్టు ఆ ఉంగరం తిరుగుతుంది. మనం తలను ప్రక్కకు త్రిప్పినప్పుడు ఆ త్రిప్పులో దాదాపు సగం ఈ రెండు పూసల మధ్యనే జరుగుతుంది. మిగిలిన సగాన్ని క్రింది పూసలన్నీ పంచుకొంటాయి. ఇంత పని చేసే కీళ్లకు విశ్రాంతి ఎక్కడిది?

ఈ కీళ్లను అంటిపెట్టుకొని, పుర్రె అంచు క్రింద, వేలెడు పొడవైన చిన్న కండరాలు కొన్ని ఉన్నవి. అవి తలను మోయడంకంటె తల ఎక్కడ ఉన్నదో క్షణక్షణానికి మెదడుకు తెలిపే పని ఎక్కువగా చేస్తాయి. ఆ కండరాలలో ఒకదానినుండి మెదడును, వెన్నుపామును కప్పిన గట్టి పొరకు ఒక సన్నని తంతువుల వంతెన ఉన్నదని 1995లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం వారు వెల్లడించినారు. తలబరువులో ఆ వంతెన పాత్ర ఎంత అనేదానిపై వాదాలు సాగుతున్నవి గాని, మెడ కండరానికి, మెదడు పొరకు అంత దగ్గరి చుట్టరికం ఉన్నదన్న సంగతి మాత్రం శరీరశాస్త్రజ్ఞులకే వింత గొలిపింది. ఆ కండరాల సమీపంలోనే రెండవ మెడనాడి శాఖ ఒకటి బయలుదేరి, మెడ వెనుకటి పెద్ద కండరాన్ని చీల్చుకొని, పెడతలమీదుగా మాడువరకు ప్రాకుతుంది.

ఆ నాడి మాడువరకే పోతున్నదాయె, మరి నుదుటను, కంటి వెనుకను బరువు తోచడమేమి? అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. రాత్రివేళ మీడియం వేవ్‌లో ముల్లు త్రిప్పిన అనుభవమున్న వారికి దీనిని బోధపరచడం సులువు. ఒక్కొక్కప్పుడు ముల్లు ఒకే చోట ఉండగా, దగ్గరి కేంద్రపు వార్తలలో ఎక్కడో దూరపు కేంద్రపు పాట వచ్చి కలుస్తుంది. స్వరం వినబడుతుంది గాని, అది ఏ ఊరినుండి వస్తున్నదో రేడియో పెట్టె చెప్పజాలదు. మన శరీరంలోను అటువంటి చోటు ఒకటున్నది. నుదురు, కన్ను, దవడ, మెదడు పొరలు, వీటి వార్తలను తెచ్చే నాడిని త్రిధార నాడి అంటారు. దాని తంతువులు మెదడు అడుగునుండి క్రిందికి దిగి, మెడ పైభాగంలో వెన్నుపాము మొదలయ్యే చోట ముగుస్తాయి. మెడలోని మొదటి మూడు నాడుల తంతువులు వచ్చి చేరేదీ అక్కడికే. రెండు దారుల వార్తలను అందుకొని పైకి పంపే కణాలు చాలావరకు ఒకటే. మెడకీలు మొరపెట్టుకొంటే, ఆ మొర నుదుటినుండి వచ్చినదని మెదడు పొరబడుతుంది. నుదుటినుండి, కంటినుండి వచ్చే వార్తలు దానికి ఎక్కువ పరిచితం గదా!

ఇది ఊహ కాదు. లండను వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ 1938లో, పుర్రె క్రింది కండరాలలో మంట పుట్టించే ద్రావణాన్ని సూదితో ఎక్కిస్తే నుదుటిలో నొప్పి కలుగుతున్నదని ప్రకటించినాడు. 1954లో ఫైన్‌స్టైన్, ఆయన సహచరులు అమెరికాలో వెన్ను పొడవునా ఉప్పునీరు ఎక్కించి, ఏ చోట గ్రుచ్చితే ఏ చోట నొప్పి తోచునో పటాలు గీసినారు. తమ మెడను అప్పగించిన ఆ ఆరోగ్యవంతుల ఓర్పును మెచ్చుకొనక తప్పదు. 1961లో కెర్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లులమీద పరిశోధన చేసి, త్రిధార నాడి సందేశాలు, మెడనాడుల సందేశాలు ఒకే కణాలను చేరుతున్నవని చూపినాడు. ఆస్ట్రేలియాకు చెందిన నికొలాయ్ బోగ్డక్, ఆయన సహచరులు 1990లో రెండవ, మూడవ పూసల మధ్యనున్న కీలులోకి ద్రవం ఎక్కించి దానిని ఉబ్బించగా, ఏ జబ్బూ లేని వారికి సైతం పెడతలలో నొప్పి పుట్టింది.

ఇన్ని ఆధారాలున్నా ఈ వ్యాధికి ఒక పేరు కుదరడానికి చాలా కాలం పట్టింది. ఫ్రాన్సులో బార్రే అనే ఆయన 1926లోనే మెడకు, తలబాధకు సంబంధం కల్పించినాడు. కాని ఆయన చెప్పిన కారణం, అనగా మెడ రక్తనాళాల చుట్టు ఉండే నాడులు రేగి ఇదంతా చేస్తున్నవన్న మాట, నిలువలేదు. 1983లో నార్వే దేశంలోని ట్రాన్‌హైమ్ నగరంలో పనిచేస్తున్న నాడీవైద్యుడు ఒట్టార్ షోస్టాడ్ ఒక ప్రత్యేక లక్షణ సముదాయాన్ని గుర్తించి, దానికి మెడజనిత శిరోవేదన అనే అర్థమిచ్చే పేరు పెట్టినాడు. నాడీవైద్యులలో చాలామంది దానిని వెంటనే ఒప్పుకొనలేదు. అంతర్జాతీయ శిరోవేదనా సంఘంవారి వర్గీకరణలో దానికి స్థానం దొరికింది గాని, ఎన్ని లక్షణాలుంటే ఆ పేరు పెట్టవచ్చునన్న షరతులు 2018లో వచ్చిన మూడవ కూర్పువరకు మారుతూనే వచ్చినవి.

నా సొంత మాట ఒకటి ఇక్కడ చెప్పుకొంటాను. మైకు ముందు కూర్చొని కాగితం చదవడం నా వృత్తి. కాగితం బల్లమీద ఉంటుంది, మైకు ఎదుట ఉంటుంది. గడ్డం ముందుకు చాచి, మెడ కదల్చకుండా గంటలకొద్దీ కూర్చొనడం మాకు అలవాటు. కదిలితే స్వరం మారుతుంది గదా! కొంతకాలం క్రిందట నాకు కుడికంటి వెనుక బరువు మొదలై, ఏడు నెలలు వదలలేదు. పైన చెప్పిన దారి అంతా నేనూ నడిచినాను. కళ్లజోడు రెండుసార్లు మారింది. చివరకు ఒక పెద్ద డాక్టరుగారు నన్ను బల్లమీద పరుండబెట్టి, నా తలను తన అరచేతులలోకి తీసుకొని, పుర్రె క్రింద కుడివైపున బొటనవ్రేలితో మెల్లగా అదిమినారు. కంటి వెనుకనున్న ఆ బరువే, అచ్చంగా అదే, రెండింతలై లేచింది. వ్రేలు తీయగానే తగ్గింది. నాకు భయం వేయలేదు సరిగదా, ఏడు నెలల తరువాత మొదటిసారి ధైర్యం కలిగింది. పెరుగుతున్నదేదీ లేదు, పట్టుకొని ఉన్నది ఒక కీలు అని అర్థమైనది.

అయితే ఆ డాక్టరుగారు వ్రేలితో అదిమి చూచి ఊరుకొనలేదు. ఒక్క గుర్తుతో దీనిని నిర్ణయించరాదు. మెడజనితమైన బాధ చాలావరకు ఒకే ప్రక్కన ఉంటుంది, ప్రక్క మారదు. మెడలోనో పెడతలలోనో మొదలై ముందుకు ప్రాకుతుంది. ఒకే భంగిమలో చాలాసేపు ఉంటేనో, ఒక ప్రత్యేకమైన కదలికతోనో హెచ్చుతుంది. ఆ ప్రక్క భుజం కూడ బరువనిపించవచ్చును. మెడ త్రిప్పు తగ్గుతుంది. దీనికి ఒక చక్కని పరీక్ష ఉన్నది. రోగిని పరుండబెట్టి, గడ్డం రొమ్ముకు ఆనేటట్లు మెడను పూర్తిగా వంచితే క్రింది పూసలు బిగిసి నిలుస్తాయి. అప్పుడు తలను ప్రక్కకు త్రిప్పితే తిరిగేది పై రెండు పూసలమధ్య కీలు ఒక్కటే. ఆరోగ్యవంతునికి అది ఇరువైపులా నలభై డిగ్రీలకు పైగా తిరుగుతుంది, బాధితునికి ఒకవైపు ముప్పై డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. దీనిని తెలిసిన వైద్యుడే చేయవలెను, ఇంటిలో ఒకరిమీద ఒకరు ప్రయోగించరాదు. ఇంకా రూఢి కావలెనంటే, అనుమానమున్న కీలుకు పోయే నాడికి మత్తుసూది వేసి, తలబాధ పూర్తిగా పోతున్నదా అని చూస్తారు. మోటారు ప్రమాదాలలో మెడ కుదుపుకు గురియై బాధ వదలని 100 మందిని 1994లో ఆస్ట్రేలియావారు ఈ విధంగా పరీక్షించగా, 27 మందికి రెండవ, మూడవ పూసల మధ్య కీలే తలనొప్పికి మూలమని తేలింది. ప్రమాదాలకు గురికాని సామాన్యజనంలో మెడ పాలు అంతకంటె చాలా తక్కువ.

దీనితోనే ఎక్స్-రే సంగతి కూడ చెప్పవలెను. మన ఊళ్లలో తలబరువుతో పోయినవారు ఒక ఫోటో, "స్పాండిలోసిస్" అన్న మాట చేతపట్టుకొని తిరిగి రావడం సర్వసాధారణం. "ఎముకలు అరిగినవట" అని ఇంటిల్లిపాదీ దిగులుపడతారు. మెడపూసల అరుగుదల వయసుతో వచ్చే జుట్టు నెరుపు వంటిది. జపానులో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎం.ఆర్.ఐ. తీసి, ఫలితాలను 2015లో ప్రకటించినారు. నూటికి 87 మందికి పైగా పూసలమధ్య బిళ్ల ఎంతో కొంత ఉబ్బి ఉన్నది! ఫోటోలో కనబడినదే బాధకు కారణమైతే జపానులో సగం మంది మంచాలమీద ఉండవలెను. ఇంకొక విశేషం. అరుగుదల ఎక్కువగా కనబడేది ఐదవ, ఆరవ పూసలమధ్య. అక్కడినుండి బయలుదేరే నాడులు చేతులకు పోతాయి. తలలోకి వార్త పంపేవి పై మూడు నాడులు. కనుక క్రింది పూసల అరుగుదలను చూపించి తలబరువుకు కారణం దొరికిందనడం, వీధిచివర దీపం ఆరిపోతే మన ఇంటి ఫ్యూజు మార్చడం వంటిది.

అట్లని ఫోటో పనికిరాదని కాదు. ప్రమాదం తరువాత గాని, జ్వరం, బరువు తగ్గడం వంటివి తోడైనప్పుడు గాని, చేతులలో పట్టు తప్పి చొక్కా గుండీలు పెట్టుకొనడం కష్టమై, నడక తూలుతున్నప్పుడు గాని ఫోటో తప్పక తీయించవలెను. ఈ చివరి గుర్తులు వెన్నుపాము నొక్కుకొంటున్నదనడానికి సూచనలు. వీటిని మెడనొప్పి క్రింద కొట్టివేయరాదు.

మెడ నొప్పిగా ఉన్నంతమాత్రాన మూలం మెడలోనే ఉన్నదని కూడ అనరాదు. నాడీకేంద్రంలో రెండు దారులు కలిసినప్పుడు వార్త రెండు వైపులా పొరబడవచ్చును గదా! పార్శ్వపు నొప్పి గలవారిలో చాలామందికి నొప్పి వచ్చేముందో, వచ్చినప్పుడో మెడ బిగుస్తుంది. మెడ పట్టుకొన్నందువల్ల తలనొప్పి వచ్చిందని వారనుకొంటారు, నిజానికి అది పార్శ్వపు నొప్పికి ముందు నడిచే బంట్రోతు. వెలుతురు సహించకపోవడం, వికారం, మెట్లెక్కితే నొప్పి కొట్టుకొనడం, ఇవి ఉంటే పార్శ్వపు నొప్పినే ముందు అనుమానించవలెను. ఇక, తలచుట్టు పట్టీ బిగించినట్లు రెండు ప్రక్కలా సమానంగా ఉండే బరువు చాలావరకు బిగువు తలనొప్పి అనే సామాన్య జాతికి చెందినది. లోకంలో తలనొప్పులన్నింటిలోను దాని సంఖ్యే పెద్దది. అందులోను మెడ, భుజాల కండరాలు ముట్టుకొంటే నొప్పిగా ఉంటాయి. నిద్రలేమి, మనోవ్యథ, ఎడతెగని చాకిరి దానికి ఎరువులు. మనోవ్యథ అన్నానని "అంతా నీ ఊహే" అన్నట్లు తీసుకొనరాదు. కండరం బిగిసిన మాట నిజం, నొప్పి నిజం.

రక్తపోటు గూర్చి మన ఇండ్లలో ఒక గట్టి నమ్మకమున్నది. తల బరువెక్కగానే "బి.పి. పెరిగింది" అంటారు. తల తేలికగా ఉంటే మాత్రలు మానివేస్తారు! రెండూ తప్పే. ఒక మోస్తరుగా హెచ్చిన రక్తపోటు తలనొప్పి కలిగించదని శిరోవేదనా సంఘంవారి వర్గీకరణ స్పష్టంగా చెబుతున్నది. పై అంకె 180, క్రింది అంకె 120 ఇత్యాదిగా ఉవ్వెత్తున లేచినప్పుడు కలిగించవచ్చును, అప్పుడు అది ఆస్పత్రికి పోవలసిన సంగతి. తక్కిన కాలమంతా రక్తపోటు చప్పుడు చేయకుండా గుండెను, మూత్రపిండాలను తినివేస్తుంది. కాబట్టి తలబరువు ఉన్నా లేకపోయినా దానిని కొలిపించుకొనవలెను, మాత్రలు మానరాదు.

ఆలస్యం చేయకూడని తలబాధలు కొన్ని ఉన్నవి. పిడుగు పడ్డట్లు ఒక్క నిమిషంలో పతాకస్థాయికి చేరిన నొప్పి. జ్వరంతోపాటు మెడ కొయ్యబారడం. పడుకొంటే, దగ్గితే హెచ్చి, తెల్లవారుజామున వాంతితో లేపే బరువు, దానికి తోడు చూపు క్షణకాలం మసకబారడం. ఏభై ఏండ్లు దాటినవారికి క్రొత్తగా కణతలలో నొప్పి, అన్నం నమిలితే దవడ నొప్పి. మునుపెన్నడూ ఎరుగని మెడనొప్పి ఒక ప్రక్కన హఠాత్తుగా పుట్టి, ఆ ప్రక్క కనురెప్ప వాలిపోవడమో, మాట తడబడడమో, నడక తూలడమో. ఈ చివరిది మెడలోని రక్తనాళపు లోపలిపొర చిరిగినందువల్ల రావచ్చును. అది పక్షవాతానికి దారితీస్తుంది. వీటిలో ఏది కనబడినా ఆనాడే ఆస్పత్రికి పోవలెను.

రక్తనాళం మాట వచ్చింది గనుక క్షౌరశాలను తలచుకొనక తప్పదు. క్షవరం ముగిసిన తరువాత తలను రెండు చేతుల పట్టుకొని అటొకసారి, ఇటొకసారి ఫటఫటమని మెడ విరిచే వేడుక మనకు బాగా అలవాటు. అందులో సుఖమున్న మాట నేను కాదనను, నేనూ ఎరుగుదును. అయితే వెన్నువైపున మెదడుకు రక్తం తీసుకొనిపోయే రెండు నాళాలు సరిగ్గా ఆ పై రెండు పూసల దగ్గర మెలిక తిరిగి పోతాయి. హఠాత్తుగా విరిచినప్పుడు అవి చిరిగి పక్షవాతం వచ్చిన సంఘటనలు వైద్యపత్రికలలో నమోదై ఉన్నవి. అరుదైనవే, కాని ఒక రూపాయి ఖర్చు లేని సుఖానికి అంత మూల్యం చెల్లించవలసిన పని లేదు. మసాజు చేయించుకోండి, మెడ మాత్రం విరవనీయకండి.

ఇక ఈ బాధ ఎందువల్ల వస్తుందంటే, ప్రమాదాలు పోగా, చాలావరకు ఒకే భంగిమలో నిలిచిపోవడంవల్ల. మగ్గంమీద వంగిన నేతగాడు, కుట్టుమిషను ముందు కూర్చున్న ఇల్లాలు, నగ చెక్కే కంసాలి, పరీక్షపత్రాలు దిద్దే మాస్టరుగారు, వీరందరి మెడ ఒకే తీరున నిలుస్తుంది. ఇప్పుడు వారితో సెల్‌ఫోను పట్టుకొన్న ప్రతివారూ చేరినారు. తలను అరవై డిగ్రీలు వంచితే మెడమీద 27 కిలోల భారం పడుతుందని 2014లో ఒక అమెరికా శస్త్రవైద్యుడు లెక్కకట్టగా, ఆ అంకె లోకమంతా తిరిగింది. అది గణితంతో కట్టిన నమూనాయే గాని మనుషులమీద కొలిచినది కాదు. ఫోను చూచేవారికే మెడనొప్పి ఎక్కువన్న మాటకు వచ్చిన సాక్ష్యాలు కూడ ఏకముఖంగా లేవు. నా అభిప్రాయంలో తప్పు వంగడంలో కంటె కదలకపోవడంలో ఎక్కువ ఉన్నది. సొగసైన భంగిమలో రెండు గంటలు బిగుసుకొని కూర్చున్నవాని మెడ కూడ మొరపెట్టుకొంటుంది. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేసేవానికి ఎట్లా కూర్చున్నా పెద్దగా నష్టం లేదు. రాత్రి దిండు సంగతి కూడ ఇంతే. మరీ ఎత్తయిన రెండు దిండ్లు, బోర్లా పడుకొని మెడను గంటలకొద్దీ ఒక ప్రక్కకు మెలిపెట్టడం, ఈ రెండూ మానితే చాలును. ప్రత్యేకమైన దిండ్లకు వేలు పోయనక్కరలేదు.

చికిత్సలో ఎక్కువ ఆధారమున్నది వ్యాయామానికి. ఆస్ట్రేలియాలో గ్వెండొలిన్ జల్, ఆమె సహచరులు మెడజనిత శిరోవేదనగల 200 మందిని నాలుగు జట్లుగా చేసి పరీక్షించినారు. ఒక జట్టుకు శిక్షితులైనవారు చేతులతో చేసే చికిత్స, ఒక జట్టుకు వ్యాయామం, ఒక జట్టుకు రెండూ, ఒక జట్టుకు ఏదీ లేదు. ఆరు వారాల చికిత్సతో మొదటి మూడు జట్లవారికి తలనొప్పి చెప్పుకోదగినంతగా తగ్గింది. ఏడాది తరువాత చూచినా ఆ మేలు నిలిచి ఉన్నది. ఈ ఫలితాలు 2002లో వెలువడినవి. ఆ వ్యాయామంలో ముఖ్యమైనది చూపరులకు నవ్వు పుట్టించేటంత స్వల్పమైనది. వెల్లకిల పడుకొని, తల పైకెత్తకుండా, "ఔను" అని మెల్లగా ఒప్పుకొంటున్నట్లు గడ్డాన్ని కొద్దిగా గొంతువైపు దించి, పది సెకండ్లు ఆపి వదలవలెను. అట్లా పదిసార్లు. బలం వేయరాదు, ఊపిరి బిగబట్టరాదు. గొంతు లోపల, పూసలకు ముందువైపున ఉండే సన్నని కండరాలు నెలల తరబడి పని మాని నిద్రపోయి ఉంటాయి. వాటిని మేల్కొలపడమే దీని ఉద్దేశం. దీనితోపాటు రెక్కల ఎముకలను వెనుకకు, క్రిందికి లాగి నిలిపే వ్యాయామం ఒకటి నేర్పుతారు. మొదటిసారి ఫిజియోథెరపీ తెలిసినవారి దగ్గర చేసి నేర్చుకొనడం మంచిది. మెడపట్టీ నెలలకొద్దీ ధరించేవారున్నారు. ప్రమాదంలో ఎముక విరిగినప్పుడు దాని అవసరం వేరు గాని, ఈ బాధకు అది కండరాలను ఇంకా సోమరులను చేస్తుంది.

మాత్రల విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. నెలకు పదిహేను రోజులు గాని, అంతకు మించి గాని మామూలు నొప్పిమాత్రలు మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పిని పుట్టిస్తాయి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలకు పది రోజులు చాలును. మూలం మెడలో ఉన్నా పార్శ్వపు నొప్పిలో ఉన్నా, దానిమీద ఈ రెండవ బాధ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఏది ఏదో విడదీయడం వైద్యునికి కూడ కష్టం. వీధి మందులషాపులో చీటీ లేకుండా దొరికే సౌకర్యం మనకు చేస్తున్న అపకారమిది.

అందుచేత వైద్యుని దగ్గరకు పోయే ముందు రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకొనండి. బరువు ఏ ప్రక్కన, ఎక్కడ మొదలై ఎక్కడికి పోయినది, ఆ వేళ ఏ పనిలో, ఏ తీరున కూర్చొని ఉన్నారు, మెడను ఎటు త్రిప్పితే హెచ్చింది, పడుకొంటే తగ్గిందా హెచ్చిందా, ఏ మాత్ర ఎన్ని వేసుకొన్నారు. నా డాక్టరుగారు నా చేత ఇదే చేయించినారు. ఆ పుస్తకంలో ప్రతి మంగళవారం, శుక్రవారం గుర్తులు ఎక్కువగా ఉన్నవి. సుదీర్ఘమైన నాటకాల రికార్డింగు నాకు ఆ రెండు రోజులలోనే ఉండేది. కాగితాలు పెట్టుకొనే బల్లమీద ఏటవాలు చెక్క ఒకటి అమర్చి, దృశ్యానికి దృశ్యానికి మధ్య లేచి తలుపుదాక నడవడం మొదలుపెట్టినాను. కంటి వెనుక బరువు పూర్తిగా పోవడానికి మరి మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ ఎప్పుడైనా పని ఒత్తిడిలో ఆ నడక మరచిపోతే, సాయంకాలానికి అది వచ్చి తలుపు తడుతుంది.